లూజు సోడా యాష్, కిలో కవర్: బోరు నీళ్ల ఇళ్లకి కొనదగ్గదే

మా వీధి కిరాణా కొట్లో తూకం వేసి కవర్లో కట్టిచ్చే తెల్ల పొడి గురించి ఈ రివ్యూ. కొట్టాయన బట్టల సోడా అంటాడు, అద్దకం సామాన్లు అమ్మే కొట్లో సోడా యాష్ అంటారు, రసాయనం పేరు సోడియం కార్బొనేట్. కంపెనీ పేరేమీ ఉండదు, కిలో వంద రూపాయల లోపే. ముందే తేల్చి చెప్పేస్తా: ఇంట్లో వాడేది బోరు నీళ్లయితే కొనండి, మంజీరానో కృష్ణానో కుళాయిలో వచ్చే ఇళ్లకి అంత అవసరం లేదు.

బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుని పని చేయనివ్వవు. నురగ రాదు సరికదా, విరిగిన పాలలా తెట్టు కట్టి బట్టకే అంటుకుంటుంది, తెల్ల పంచెలు బూడిద రంగుకి తిరిగేది అందుకే. సోడా ముందుగా ఆ కాల్షియాన్ని పట్టుకుని తెల్లటి మడ్డిగా అడుక్కి దింపేస్తుంది, ఆ తర్వాత వేసిన సబ్బు పొడి నిజంగా మురికి మీద పని చేస్తుంది. బకెట్‌కి రెండు చెంచాలు సోడా కలిపి, కాసేపు ఆగి, అప్పుడు సబ్బు పొడి వేస్తున్నాం, మునుపు వేసేదాంట్లో సగం చాలుతోంది. కాటన్ దుప్పట్లు, తువ్వాళ్లు, దిండు గలీబులకి బ్రహ్మాండం. పట్టుచీరలు, ఉన్ని బట్టల దగ్గరికి మాత్రం రానివ్వకండి, ఆ పోగుల్ని క్షారం తినేస్తుంది.

నిజానికి ఇదేం కొత్త మందు కాదు. ఊళ్లలో రజకులు చౌడు మట్టి తెచ్చి బట్టలు ఉబ్బకి పెట్టేవాళ్లు, ఆ చౌడులో ఉండే సరుకూ ఇదే. ఇప్పుడు మనం కొనే సబ్బు పొడుల్లో కూడా ఇది బాగానే ఉంటుంది, చవక రకాల్లో అయితే మరీను. పొడి చేతిలో వేసుకుని నీళ్లు పోస్తే వేడిగా తగులుతుందే, అది చాలావరకు సోడా యాష్ వల్లే. 1969లో కర్సన్‌భాయ్ పటేల్ అహ్మదాబాద్‌లో మొదలుపెట్టిన నిర్మా కూడా తర్వాత భావ్‌నగర్ దగ్గర సొంతంగా సోడా యాష్ ఫ్యాక్టరీయే పెట్టుకుంది.

వంటింట్లో పనితనం చెప్పాలంటే, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కల మీద బంకలా పేరుకున్న నూనె జిడ్డుకి వేడినీళ్లలో కలిపిన సోడాని మించింది నేను చూడలేదు. జిడ్డుని కొంత సబ్బుగానే మార్చేస్తుంది కాబట్టి గీకే పని తక్కువ. చిమ్నీ ఫిల్టర్ స్టీలుదైతే ధైర్యంగా నానబెట్టండి. అల్యూమినియం జాలీ అయితే వద్దు, నల్లబడి పాడవుతుంది, అల్యూమినియం కుక్కర్లు, గిన్నెలదీ అదే గతి. కుళాయిల మీద గట్టిపడిన తెల్ల పొరకి ఇది పనికిరాదు, అక్కడ నిమ్మ ఉప్పో వెనిగరో ఏదో ఒక పులుపు కావాలి. వీడియోల్లో సోడా, వెనిగర్ కలిపి పొంగించి చూపిస్తారు చూడండి, ఆ పొంగు చూడ్డానికే బాగుంటుంది, రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి.

ఇక నా అసలు కంప్లయింట్. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర ఇదే సరుకు ‘నేచురల్ ఆర్గానిక్ క్లీనర్’ అని అందమైన డబ్బాలో నాలుగింతల రేటుకి తెప్పించాం, లోపల స్ఫటికాలు. స్ఫటికాల సోడా బరువులో దాదాపు 63 శాతం నీళ్లే! అంటే డబ్బులు ఎక్కువ, సరుకు తక్కువ. ఆర్గానిక్ మాటకొస్తే, మన దేశంలో తయారయ్యే సోడా యాష్ దాదాపు అంతా గుజరాత్ ఫ్యాక్టరీలదే. 1939లో మొదలైన టాటా కెమికల్స్ మిఠాపూర్‌లో ఉంది, సముద్రం ఉప్పు, సున్నపురాయి, మధ్యలో పని చేసి మళ్లీ వెనక్కి వచ్చే అమ్మోనియా, ఇదీ అక్కడి పద్ధతి. 1860ల్లో బెల్జియంలో సాల్వే అనే ఆయన కనిపెట్టింది ఇదే. అమెరికాలో వ్యోమింగ్‌లో అయితే ట్రోనా అనే ఖనిజంగా గనుల్లోంచే తవ్వుతారు. దీన్ని అన్నిటికన్నా ఎక్కువ మింగేది మన బట్టలు కాదు, గాజు. 1700 డిగ్రీలు దాటితే గానీ కరగని ఇసుక, సోడా కలిపితే చాలా తక్కువ వేడికే కరుగుతుంది. కిటికీ అద్దం, సీసా, ఫిరోజాబాద్ గాజులు, అన్నిట్లోనూ ఉంది. రియాక్టివ్ అనే రకం అద్దకం రంగులు నూలుకి గట్టిగా పట్టాలన్నా ఇదే వేస్తారు, అందుకే అద్దకం కొట్లో దొరుకుతుంది.

లూజు కవర్ మీద లేబుల్ ఉండదు, వంట సోడాకీ దీనికీ చూపుకి తేడా తెలియదు, ఇది నోట్లోకో కంట్లోకో పోతే ప్రమాదం. అనుమానం వస్తే నీళ్లలో కలిపి చిటికెడు పసుపు వేయండి. బట్టల సోడా అయితే పారాణిలా ఎర్రగా తిరుగుతుంది, వంట సోడాకి అంత ఎరుపు రాదు. నిమ్మరసం పరీక్ష దండగ, రెండూ పొంగుతాయి.

ఐదుకి నాలుగు ఇస్తా, ఒకటి ఆ లేబుల్ లేనందుకు కోత. కొనేటప్పుడు గడ్డలు కట్టని పొడి అడగండి, గడ్డ కట్టిందంటే తేమ పీల్చుకుని తూకం పెరిగిందన్నమాట. చేతులు పగిలే వాళ్లు గ్లౌజులు వేసుకోండి. ఇంటికి తెచ్చాక గట్టి మూత డబ్బాలో పోసి, పెద్దక్షరాలతో పేరు రాసి, వంటగది బయట పెట్టండి.