మెట్ల మలుపు: ఆరేళ్ల హాస్టల్ వాసం తరువాత ఒక సమీక్ష

విశ్వవిద్యాలయ వసతి గృహంలో, మధ్యలో ఒకసారి గది మారి, మొత్తం ఆరు సంవత్సరాలు ఉన్నాను. గది ఎంత పెద్దది, బల్ల ఎలా ఉంటుంది, స్నానాల గదులు ఎన్ని, భోజనశాల ఏ వేళకు తెరుస్తారు, వైఫై ఎప్పుడు పోతుంది అన్నవి చేరబోయేవారికి ఎవరో ఒకరు ఈపాటికే చెప్పి ఉంటారు గనుక వాటి జోలికి పోను. నేను రాయదలచుకున్నది పాత భవనంలో మొదటి అంతస్తుకూ రెండో అంతస్తుకూ నడుమ మెట్లు మలుపు తిరిగే చోట ఉన్న చప్టా గురించి మాత్రమే. పది మంది నిలబడగలిగే వెడల్పు, కిటికీ కింద గోడను ఆనుకొని కట్టిన సిమెంటు అరుగు, ఎదురుగా నోటీసు బోర్డు, దాని పక్కన ఉత్తరాలు పెట్టే చెక్క గూళ్లు, మూలన మంచినీళ్ల కూలరు. నాలుగు అంతస్తుల వారికీ సగం దూరం కాబట్టి అన్నీ అక్కడే పెట్టారట. ఆ వసతి గృహం నాకు ఇచ్చినవాటిలో అన్నిటికంటే విలువైనది అదేనని ఇప్పటికీ అనుకుంటాను. ఆరేళ్లలో నాకు దగ్గరైన ప్రతి మనిషినీ నేను మొదట చూసింది ఆ అరుగు మీదనే.

దాని గొప్పతనమంతా ఒక్క విషయంలో ఉంది. అక్కడికి కబుర్ల కోసం ఎవరూ రారు. నీళ్ల కోసం వస్తారు. కింద టీవీ, టేబుల్ టెన్నిస్ బల్ల ఉన్న విశాలమైన హాలు ఒకటి ఉండేది గాని, అందులోకి వెళ్లాలంటే 'ఇప్పుడు నలుగురితో కలవాలి' అని మనసులో తీర్మానించుకొని వెళ్లాలి. నేను చేరిన మొదటి నెలలో మూడుసార్లు ఆ గుమ్మం దాకా వెళ్లి, లోపల అందరూ ఒకరికొకరు ఎప్పటినుంచో తెలిసినట్లు కనిపించడంతో వెనక్కి తిరిగి వచ్చాను. చేతిలో ఖాళీ సీసా ఉన్నవాడికి ఆ బిడియం అక్కరలేదు. సీసా నిండేదాకా నిలబడాలి, నిలబడ్డప్పుడు ముందున్నవాడు ఏదో ఒకటి అడుగుతాడు, జవాబు పూర్తికాకముందే మూడోవాడు వస్తాడు.

మూడో ఏట నివాసుల సంఘానికి కార్యదర్శిగా ఉండడం వల్ల సంఘం బీరువా తాళం నా దగ్గర ఉండేది. అందులో భవనం కట్టిన కొత్తలోని సమావేశాల పుస్తకాలు కూడా ఉన్నాయి. అన్నిటికంటే పాత పుస్తకంలో, రాత్రి పది దాటాక మెట్ల మీద గుమిగూడరాదని వార్డెన్ ఇచ్చిన ఆదేశం ఉంది. తరువాతి పుస్తకంలో అదే ఆదేశం మళ్లీ ఉంది, ఆ తరువాతిదానిలో ఇంకోసారి ఉంది. ఒక ఆదేశాన్ని మూడుసార్లు ఇవ్వవలసి వచ్చిందంటే దాన్ని ఎవరూ లెక్కచేయలేదని అర్థం. చివరికి, నిలబడితే దారికి అడ్డమవుతున్నారు కాబట్టి కూర్చోవడానికి అరుగు కట్టించడమే మేలని సంఘం అర్జీ పెట్టగా అది మంజూరైంది. ఎవరో దూరదృష్టితో ఆలోచించి కట్టించిన అరుగు అనుకున్నాను నేను. నిజానికి అది అధికారుల ఓటమికి గుర్తుగా మిగిలిన కట్టడం.

గదులు చాలక తరువాతి కాలంలో కట్టిన కొత్త భవనానికి మెట్ల మలుపులు ఇరుకు; దానికి ఉన్నది పొడవాటి నడవ, ఇరువైపులా తలుపులు. ఈ రెండు పద్ధతులకూ పెద్ద చరిత్రే ఉంది. 1264లో స్థాపించిన ఆక్స్‌ఫర్డ్ మెర్టన్ కళాశాల వంటి పాత కళాశాలల్లో ఒక్కొక్క మెట్ల వరుసకు కొన్నేసి గదులు ఉండేవి. 1873లో గిర్టన్ కళాశాల కేంబ్రిడ్జ్ దగ్గరకు తరలినప్పుడు, దాని వాస్తుశిల్పి ఆల్ఫ్రెడ్ వాటర్‌హౌస్ ఆ ఆనవాయితీ విడిచి గదులను నడవల వెంట అమర్చాడు. మా పాత భవనం తెలిసో తెలియకో మొదటి దారిలో, కొత్తది రెండో దారిలో నడిచాయి. కొత్తదానిలో గాలీ వెలుతురూ ఎక్కువని ఒప్పుకోక తప్పదు.

ఇక అసలు సంగతి. నాలుగో ఏట పాత భవనానికి లిఫ్ట్ వచ్చింది. అది అవసరమే, దాన్ని కోరుతూ పెట్టిన అర్జీ మీద సంతకం చేసిన నలుగురిలో నేనొకణ్ణి. అయితే లిఫ్టుతో పాటే ఉత్తరాల గూళ్లు కింద దాని తలుపు పక్కకు మారతాయని, పాత కూలరు తీసేసి అంతస్తుకు ఒకటి చొప్పున డబ్బా బోర్లించే కూలర్లు పెడతారని మాకు తోచలేదు. నెల తిరక్కుండానే అరుగు మీద దుమ్ము పేరుకుంది. నోటీసు బోర్డు మీద అయిపోయిన పరీక్షల పట్టిక అలాగే వేలాడుతూ ఉండిపోయింది. ఎవరితోనూ గొడవ లేదు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు, కేవలం ఎవరికి ఎవరూ కనబడడం మానేశారు. కొత్తగా చేరినవారి పేర్లు నాకు తెలియకుండా గడిచిన మొదటి సంవత్సరం అది.

మరుసటి ఏడాది ఒక పెద్ద వానకు లిఫ్టు గుంతలోకి నీళ్లు దిగి అది ఆగిపోయింది. పదకొండు రోజులు బాగుపడలేదు. మొదటి రోజంతా విసుగే. రెండో రోజు, ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాలు తెచ్చే మనిషి మలుపు దాకా మోసి, ఇక నా వల్ల కాదని అక్కడే దించి వెళ్లిపోయాడు. దాంతో పై అంతస్తుల వారంతా సీసాలు పట్టుకొని ఆ అరుగు దగ్గరకే దిగవలసి వచ్చింది. నాలుగో రోజుకు ఎవరో ఒక చదరంగం బల్ల తెచ్చి పెట్టారు, పాత పట్టిక చించేసి దాని స్థానంలో అమ్మదలచిన పుస్తకాల జాబితా అంటించారు. ఆరో రోజు రాత్రి నేను కళ్లారా చూసిన దృశ్యం ఒకటి చెప్పాలి. ఒకే విభాగంలో, దాదాపు ఒకే అంశం మీద పనిచేస్తున్న ఇద్దరు పరిశోధక విద్యార్థులు, ఒకరి గదికి సరిగ్గా పైన మరొకరి గది ఉండగా ఎనిమిది నెలలు గడిపినవారు, డబ్బా వంచడానికి ఒకరికొకరు సాయం పడుతూ మొదటిసారి పేర్లు చెప్పుకున్నారు. తెల్లవారుజామున నేను మళ్లీ నీళ్లకు దిగినప్పుడు కూడా ఇద్దరూ అరుగు మీదే ఉన్నారు, మధ్యలో కాగితాలు పరిచి ఉన్నాయి.

ఆ ఉత్సాహంలో తరువాతి సంఘం సమావేశంలో, ఈ పదకొండు రోజులూ మా వసతి గృహానికి మంచి రోజులని అన్నాను. మూడో అంతస్తులో చీలమండ విరిగి కట్టుతో ఉన్న విద్యార్థి ఒకడు ఆ సమావేశానికి మిత్రుల భుజాల మీద దిగి వచ్చాడు. అతడు నా మాటకు అడ్డు చెప్పలేదు. లిఫ్టు ఏ రోజుకు బాగవుతుందని మాత్రం అడిగాడు.

అందువల్ల పైన 'ప్రతి మనిషినీ' అన్న మాటను కొంత సరిదిద్దుకోవాలి. ఖాళీ చేసి వచ్చాక లెక్క వేసుకుంటే, నాకు దగ్గరైనవారు పద్నాలుగు మంది తేలారు; వారిలో తొమ్మిది మంది మెట్లకు నాలుగు గదుల లోపు ఉన్నవారే, కొత్త భవనం నుంచి ఉన్నది ఒక్కడే. ఇది నా ఒక్కడి అనుభవం కాదు. అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో వివాహిత విద్యార్థుల నివాసాలను పరిశీలించి సామాజిక మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింగర్, మరి ఇద్దరు పరిశోధకులు 1950లో ప్రచురించిన అధ్యయనంలో, పక్కింటివారిని సన్నిహిత మిత్రులుగా చెప్పినవారు 41 శాతం ఉండగా, అదే అంతస్తులో ఆ చివరా ఈ చివరా ఉన్నవారి మధ్య అది 10 శాతానికి పడిపోయింది. మెట్ల మొదట్లో, ఉత్తరాల పెట్టెల దగ్గర ఉన్న ఇళ్లవారికి పై అంతస్తు స్నేహాలు ఎక్కువ. స్నేహాన్ని స్వభావం నిర్ణయిస్తుందని నమ్మే నాకు ఆ అంకెలు కొంచెం చేదుగానే అనిపించాయి. మెట్ల నుంచి నా గది రెండోది మరి.

ఆ పద్నాలుగో మనిషి, కొత్త భవనంవాడు, చాలా కాలం తరువాత నాతో ఒక మాట అన్నాడు. పాత భవనానికి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చున్న మా గుంపును దాటుకొని వెళ్లాలంటే మౌఖిక పరీక్షకు నిలబడినట్లు ఉండేదని, అందుకే ఏడాది పాటు వెనక మెట్లే వాడానని చెప్పాడు. మేము ఎవరినీ పరీక్షించలేదు. కాని మా వైపు నుంచి చూసి ఆ మాట చెప్పడం సులువే.

మెట్లే ఏకైక మార్గమనీ అనను. కోపెన్‌హాగన్‌లో 2006లో తెరిచిన టీట్‌గెన్ వసతి గృహం గుండ్రటి భవనం. అందులో 12 గదులకు ఒక వంటగది. అక్కడ ఆకలి చేసే పనినే మా దగ్గర దాహం చేసింది. మా అధికారులు ఇటీవల కింద లిఫ్టు పక్కన చక్కటి బెంచీలు వేయించారని విన్నాను. అర నిమిషంలో లిఫ్టు వచ్చేచోట బెంచీ ఎవరికి కావాలో నాకు అర్థం కాలేదు.

నా తీర్పును నా పరిస్థితులతో కలిపి చదువుకోవాలి. నేను పరిశోధక విద్యార్థిని, పొద్దున్నే లేచి పరుగెత్తవలసిన తరగతులు నాకు లేవు, రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టదు, మోకాళ్లు బాగా ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి వేరైనా కొత్త భవనంలో నడవ చివరి గది, లేదా కింది అంతస్తు, మేలని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. నేనే మళ్లీ చేరవలసి వస్తే పాత భవనంలో రెండో అంతస్తు అడుగుతాను, అందులోనూ మెట్ల నుంచి మూడో గదో నాలుగో గదో. మొదటి గది మాత్రం వద్దు. కూలరు దగ్గరి అర్ధరాత్రి నవ్వులు ఆ తలుపు సందులోంచి స్పష్టంగా వినబడతాయని అందులో ఉన్నతను మూడేళ్లు మాకు చెబుతూనే ఉన్నాడు, ఆ నవ్వుల్లో ఒకటి నాదే.