నాలుగు టైర్లూ ఒకేలా అరగాలి: పాత ఆల్ వీల్ డ్రైవ్ వ్యాగన్ ఆరేళ్లు నడిపాక

నాలుగు చక్రాలకూ శక్తి అందే ఈ ఆల్ వీల్ డ్రైవ్ వ్యాగన్ సీట్లు ఎంత హాయిగా ఉంటాయో, డిక్కీలో ఎన్ని పెట్టెలు పడతాయో, ఇంజిన్ పికప్ ఎంతో అందరికీ తెలిసిందే. ఆరేళ్లు, దాదాపు తొంభై వేల కిలోమీటర్లు నడిచిన తర్వాత చెప్పాల్సింది వేరే ఉంది. గేర్‌బాక్స్ తోకలో, రెండు చేతుల్లో ఇమిడేంత డ్రమ్ములో ఒక క్లచ్ ప్యాక్ ఉంటుంది. బండిలో అన్నిటికంటే బాగా నచ్చినదీ అదే, అన్నిటికంటే ఎక్కువ ఏడిపించినదీ అదే. ఏడిపించడానికి కారణం మాత్రం ఆ క్లచ్ కాదు, ఒక్క కొత్త టైరు.

ఆటోమేటిక్ గేరున్న ఈ రకంలో ముందు చక్రాలకు శక్తి నేరుగా అందుతుంది. వెనక చక్రాలకు అందేది ఆ క్లచ్ ద్వారానే. లోపల ఘర్షణ పలకలు, ఉక్కు పలకలు ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉంటాయి. గేర్ ఆయిల్ (ఇక్కడ ఆ మాటకు అర్థం ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే ఏటీఎఫ్) ఒత్తిడికి అవి నొక్కుకుంటే వెనక షాఫ్ట్ గట్టిగా తిరుగుతుంది, ఒత్తిడి తగ్గితే జారుతుంది. ఎంత నొక్కాలన్నది ఒక సోలనాయిడ్, అంటే కరెంటుతో పనిచేసే చిన్న కవాటం, టకటకా తెరుచుకుంటూ మూసుకుంటూ సర్దుతుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రాలు పెద్ద వంపులోనూ వెనక చక్రాలు చిన్న వంపులోనూ పోతాయి. ఆ తేడాను పలకలు జారి మింగేయాలి. జారకపోతే బండి తనతో తానే పెనుగులాడుతుంది.

ఆ పెనుగులాట ఎలా ఉంటుందంటే, పార్కింగ్‌లో స్టీరింగ్ చివరిదాకా తిప్పి మెల్లగా వదిలితే ఎవరో హ్యాండ్‌బ్రేక్ సగం లాగినట్టు బండి ఆగిపోతుంది. కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే ఒక్క గెంతు గెంతి కదులుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు, ఇరవై నిమిషాలు నడిచి గేర్‌బాక్స్ వేడెక్కాక మొదలవుతుంది. చాలామంది దీన్ని ముందు యాక్సిల్ జాయింట్ల తప్పనుకుంటారు. ఈ బండికీ అదే జరిగింది. ఒక షెడ్డులో రెండు యాక్సిళ్లూ మార్చేశారు, గెంతడం అలాగే ఉంది. నిజానికి తేడా కనిపెట్టడం తేలిక. జాయింట్ పోతే చక్రం తిరిగే కొద్దీ ఒకే వరసలో టిక్ టిక్ అని వినిపిస్తుంది, బండి మాత్రం స్వేచ్ఛగానే పోతుంది. క్లచ్ పట్టేస్తే చప్పుడు తక్కువ, గుంజుడు ఎక్కువ. ఇంకో గుర్తు ఉంది. అదే మలుపు వదులు కంకర మీద తిప్పితే గుంజుడు మాయమవుతుంది, ఎందుకంటే అక్కడ టైర్లే జారి తేడాను సర్దేస్తాయి.

ఇక అసలు కారణం. వెనక ఎడమ టైరు పక్కగోడ కోసుకుపోయింది, అతుకు పడదు. అదే కంపెనీ, అదే సైజు కొత్త టైరు ఒకటి వేయించారు. మిగతా మూడూ సగం అరిగి ఉన్నాయి. మామూలు ముందు చక్రాల బండికైతే ఇది ఇంత పెద్ద విషయం కాదు. ఇక్కడ లెక్క వేరు. 205/55 R16 టైరు చుట్టుకొలత దాదాపు 1985 మిల్లీమీటర్లు. కొత్తదాని గాడి లోతు 8 మిల్లీమీటర్లు, పాతవాటిది 4. అంటే వ్యాసార్ధంలో 4 మిల్లీమీటర్లు, చుట్టుకొలతలో 25 మిల్లీమీటర్ల తేడా. కిలోమీటరుకు కొత్త టైరు సుమారు 504 చుట్లు తిరిగితే పాతది 510 తిరుగుతుంది. వెనక డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) ఆ ఆరు చుట్లను సగం చేసి షాఫ్ట్‌కు పంపుతుంది. ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి (చక్రాల ఒక చుట్టుకు షాఫ్ట్ తిరిగే చుట్లు) 4.11 అనుకుంటే, తిన్నగా పోతున్నప్పుడు కూడా ఆ పలకలు కిలోమీటరుకు పన్నెండు పదమూడు చుట్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ ఉండాల్సిందే. ఒక్కరోజుకు ఇది లెక్కలోది కాదు. కానీ హైవే మీద గంటల తరబడి, నెలల తరబడి అలా రాసుకుంటే ఆయిల్ మాడుతుంది, పలకలు గాజులా నున్నబడతాయి. ఎనిమిది నెలలకు గెంతడం మొదలైంది.

ఈ తరహా వ్యాగన్లకు నాలుగు టైర్ల చుట్టుకొలతల మధ్య తేడా పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్లకు మించకూడదంటారు. గాడి లోతులో చెప్పాలంటే ఒక్క మిల్లీమీటరు. సగం అరిగిన సెట్టులో ఒక టైరు పోతే నాలుగూ మార్చాలన్న మాట. ఈ సంగతి బండి అమ్మేటప్పుడు ఎవరూ గట్టిగా చెప్పరు, టైర్ల దగ్గర పనిచేసేవాళ్లకు కూడా చాలామందికి తెలియదు. కోపం అంతా అక్కడే.

రిపేరుకు దిగే ముందు చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. ఈ రకం పాత ఆటోమేటిక్‌లలో ఇంజిన్ బేలో ఎఫ్‌డబ్ల్యూడీ (ముందు చక్రాల డ్రైవ్) అని రాసిన ఖాళీ ఫ్యూజ్ గూడు ఉంటుంది. మాన్యువల్‌లో చెప్పిన ఆంపియర్ల ఫ్యూజ్ అందులో పెడితే సోలనాయిడ్‌కు పూర్తి కరెంటు వెళ్లి క్లచ్ వదిలేస్తుంది, బండి ముందు చక్రాలతోనే నడుస్తుంది, డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. ఫ్యూజ్ పెట్టాక గుంజుడు పోయిందంటే సోలనాయిడ్ బాగుంది, పలకలు విడిపోగలుగుతున్నాయి. అప్పుడు అనుమానం టైర్ల మీదా, ఆయిల్ మీదా పెట్టాలి. ఫ్యూజ్ పెట్టినా గుంజుతుంటే సోలనాయిడ్ పోయి ఉండాలి, లేదా పలకలు డ్రమ్ములో ఇరుక్కుని ఉండాలి. ఇందులో సోలనాయిడ్‌కు కరెంటు అందకపోతే క్లచ్ వదలదు, పూర్తిగా బిగుసుకుంటుంది. వైరు తెగినా అదే లక్షణం కనిపిస్తుంది కాబట్టి గేర్‌బాక్స్ విప్పేముందు కనెక్టరు చూడాలి. ఫ్యూజ్ పెట్టుకుని రోజూ తిరగడం మాత్రం పద్ధతి కాదు, అది పరీక్ష కోసమూ, చిన్న స్టెప్నీ వేసుకుని ఇంటికి చేరడం కోసమూ.

ఇక్కడ ఫ్యూజ్ పెడితే గుంజుడు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ముందు నాలుగు టైర్లూ ఒకే సెట్టు వేసి, ఆ తర్వాత గేర్ ఆయిల్ మూడుసార్లు మార్చడం జరిగింది. మూడుసార్లు ఎందుకంటే, మొత్తం తొమ్మిదిన్నర లీటర్లు పడుతుంది గానీ ప్లగ్గు విప్పితే దిగేది నాలుగు లీటర్లే, మిగతాది టార్క్ కన్వర్టర్లోనూ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) గేర్‌బాక్స్ లోపలి దారుల్లోనూ ఉండిపోతుంది. ఒకసారి మారిస్తే కొత్త ఆయిల్ నలభై శాతం, రెండోసారికి మూడింట రెండు వంతులు, మూడోసారికి ఎనభై శాతం. మధ్యలో ముప్పై నలభై కిలోమీటర్లు అన్ని గేర్లలో నడపాలి. మొదటిసారి దిగిన ఆయిల్ చిక్కటి టీ డికాక్షన్ రంగులో ఉండి కాలిన వాసన వేసింది. మూడోసారికి ఎరుపు తిరిగొచ్చింది. గెంతడం ముప్పావు వంతు తగ్గింది. చాలా బండ్లకు ఇక్కడితోనే సరిపోతుంది. మిగిలిన పావు వంతు కోసం తోక భాగం విప్పాల్సి వచ్చింది.

దీనికి గేర్‌బాక్స్ దించక్కర్లేదు. సైలెన్సర్ మధ్య ముక్క, వేడి తగలకుండా ఉండే రేకు తీసి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక చక్రాల వైపు శక్తి తీసుకెళ్లే పొడుగు కడ్డీ) విప్పాలి. విప్పే ముందు ఫ్లాంజి (షాఫ్ట్ చివర బోల్టులతో బిగించే పళ్లెం) మీద పెయింటుతో గీత పెట్టుకోవాలి, లేకపోతే బిగించాక ఎనభై స్పీడులో కొత్త వణుకు తయారవుతుంది. షాఫ్ట్ బయటికి రాగానే తోక నుంచి ఆయిల్ కారుతుంది, కింద తొట్టి ఉండాలి. గేర్‌బాక్స్ కింద జాకీ ఆనించి వెనక క్రాస్‌మెంబర్ (గేర్‌బాక్స్‌ను మోసే అడ్డ పట్టీ) తీస్తే తోక హౌసింగ్ చుట్టూ ఉన్న బోల్టులు అందుతాయి. బోల్టుల పొడుగు అన్నీ ఒకటి కావు. అట్టముక్క మీద హౌసింగ్ ఆకారం గీసి ఎక్కడిది అక్కడ గుచ్చుకుంటే గందరగోళం ఉండదు.

డ్రమ్ము చేతికొచ్చాక అసలు రోగం కనిపించింది. ఉక్కు పలకల అంచున పళ్లుంటాయి, అవి డ్రమ్ము లోపలి గాడుల్లో ముందుకూ వెనక్కూ సాఫీగా కదలాలి. ఆ పళ్లు ఒకే చోట కొట్టుకుని కొట్టుకుని గాడి గోడ మీద వరసగా చిన్న గుంటలు చేశాయి. గోరు పెట్టి గీస్తే ప్రతి గుంట దగ్గరా ఆగుతోంది. ఒత్తిడి తీసేసినా పలకల పళ్లు ఆ గుంటల్లోనే కూర్చుని రావడం లేదు. ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా ఆ గుంటలు పూడవు. ఆకురాయితో రాసి సరిచేస్తామనేవాళ్లుంటారు, నమ్మొద్దు. రాసిన చోట వదులు పెరిగి కొన్ని నెలలకే మళ్లీ గుంటలు పడతాయి. డ్రమ్ము, పలకల సెట్టు, సోలనాయిడ్, గ్యాస్కెట్ నాలుగూ కొత్తవి వేయడమే సరైన పని. కొత్త ఘర్షణ పలకల్ని బిగించే ముందు గేర్ ఆయిల్లో నానబెట్టాలి. పొడిగా వేస్తే మొదటి మలుపుకే కాలతాయి. పాత గ్యాస్కెట్ గీకేటప్పుడు ఉక్కు పరికరం వాడకూడదు, అల్యూమినియం గీతపడితే ఆయిల్ చెమ్మ ఎప్పటికీ ఆగదు.

ఆ పని జరిగి రెండేళ్లు దాటింది. వేడిగా ఉన్నప్పుడు స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఎనిమిది అంకె వేసినా ఇప్పుడు వెన్నలా తిరుగుతుంది.

అప్పటి నుంచి టైర్ల విషయంలో పద్ధతి మారింది. ప్రతి ఎనిమిది వేల కిలోమీటర్లకు ముందువీ వెనకవీ మార్పిడి. లోతు కొలిచే గేజ్‌తో ఒక్కో టైరుకు మూడు చోట్ల కొలత, మధ్యలో ఒకటి, అంచుల్లో రెండు. చక్రాల గాలి డోర్ దగ్గరి స్టిక్కర్ ప్రకారం. డిక్కీ నిండా సామాను వేసినప్పుడు వెనక గాలి పెంచడం తప్పనిసరి. స్టెప్నీ గూట్లో పూర్తి సైజు చక్రం పడితే అయిదు టైర్లనూ వంతులవారీగా తిప్పడం అన్నిటికంటే మంచి ఉపాయం. ఒకటి పోతే అదే అరుగుదలున్న అయిదోది సిద్ధంగా ఉంటుంది. కొత్త టైరును యంత్రం మీద చెక్కి మిగతావాటి లోతుకు తెచ్చేవాళ్లు దొరికితే అదీ ఒక దారే.

మొదటి ఏడాది ఈ బండికి వాన లెక్కే లేదని అందరికీ చెప్పడం జరిగింది. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. తడి ఎత్తు మీద ఆగి మళ్లీ కదలడంలో, బురద పట్టిన దారిలో నిండు బరువుతో పోవడంలో దీనికి సాటి లేదు, అందులో మార్పు లేదు. కానీ ఆగడంలో దీనికి ఏ ప్రత్యేకతా లేదు. బ్రేకు వేసినప్పుడు నాలుగు చక్రాలకూ ఉన్నది అవే టైర్లు, అదే పట్టు, పైగా బండి బరువు ఎక్కువ. కదిలేటప్పుడు జారదు కాబట్టి రోడ్డు ఎంత నున్నగా ఉందో డ్రైవరుకు తెలియదు, బ్రేకు తొక్కినప్పుడే తెలుస్తుంది. టైరు గాడి 4 మిల్లీమీటర్ల కంటే తగ్గాక వానలో ఈ బండి కూడా మామూలు బండే.

మిగతా విషయాలు గబగబా. వెనక వీల్ బేరింగ్ ఒకటి, అంతకుముందు నడిచిన దూరంతో కలిపి మీటరు లక్షన్నర చూపుతున్నప్పుడు, హోరు పెట్టింది, మార్చాక మళ్లీ లేదు. సిలిండర్ హెడ్ గ్యాస్కెట్ దగ్గర ఆయిల్ చెమ్మ ఉంది, ఏడాదిగా అంతే, కూలెంట్ తగ్గడం లేదు కాబట్టి కదిలించలేదు. ఆయిల్ మార్పించేటప్పుడు మాత్రం పక్కన నిలబడాలి. కింద ఇంజిన్ ప్లగ్గు కాక గేర్ ఆయిల్‌ది ఒకటి, ముందు డిఫరెన్షియల్‌ది ఒకటి ఉంటాయి. అలవాటు లేనివాళ్లు డిఫరెన్షియల్ ఖాళీ చేసి ఇంజిన్లో కొత్త ఆయిల్ పోసేస్తారు. అప్పుడు ఇంజిన్లో రెట్టింపు, డిఫరెన్షియల్‌లో సున్నా. దాని డిప్‌స్టిక్ వేరేగా ఉంటుంది, షెడ్డు దాటే ముందు అదీ తీసి చూడాలి. బండి ఎప్పుడైనా ఆగిపోతే రెండు చక్రాలు ఎత్తి లాక్కెళ్లనివ్వకూడదు, ఫ్లాట్‌బెడ్ మీదే ఎక్కించాలి.

ఇలాంటిది కొనబోయేవాళ్లు ముందు టైర్లు చూడండి. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ కావాలి. పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. ఒకటి మాత్రం కొత్తగా ఉంటే ఆ క్లచ్ ఎన్నాళ్లు రాసుకుందో అడగండి. తర్వాత ఎఫ్‌డబ్ల్యూడీ గూడు ఖాళీగా ఉందో లేదో చూడండి. గుంజుడు కప్పిపుచ్చడానికి ఫ్యూజ్ పెట్టి అమ్మేవాళ్లున్నారు. ఇరవై నిమిషాలు నడిపాకే పొడి తారు మీద రెండు వైపులా గుండ్రంగా తిప్పండి. చల్లటి ఇంజిన్‌తో చేసే టెస్ట్ డ్రైవ్ వల్ల ఏమీ తెలియదు.

కొనొచ్చా అంటే అది వాడకాన్ని బట్టి. ఇక్కడ వారానికి రెండుసార్లు ఎత్తైన మట్టి దారి, అయిదుగురు మనుషులు, నిండు డిక్కీ. అందుకే క్లచ్ పని చేయించి మరీ ఉంచుకోవడం. ఏడాదంతా పొడి రోడ్డు మీదే తిరిగే ఇంటికి ఇదే వ్యాగన్ ముందు చక్రాల రకం దొరికితే అది చాలు, అందులో ఒక టైరు పోతే నాలుగూ మార్చక్కర్లేదు. ఇప్పుడున్న సెట్టు నాలుగూ 4.5 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నాయి, వచ్చే వానల లోపు నాలుగూ ఒకేసారి మారతాయి.