చక్రాలు, గిన్నెలు, మోకాళ్లు: నా మూడు బసలు

ఫోన్‌లో ఆఫీసు మెయిల్ టింగుమంటే చాలు, కడుపులో తిప్పేది. డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, ఏమీ లేదమ్మా, హాయిగా నిద్రపొమ్మన్నారు. ఆ నిద్ర రాకే కదా ఆయన దగ్గరికెళ్లింది! ఇక లాభం లేదని సెలవులు కూడబెట్టుకుని, ఏడాదిలో మూడు చోట్లకు వెళ్లొచ్చాను.

మొదటిది హీలింగ్ రిసార్ట్, రెండు రోజులు. గది బాగుంది, పరుపు ఇంకా బాగుంది. అక్కడ రేకీ చేయించుకున్నాను. 1922లో జపాన్‌లో మికావో ఉసుయి మొదలుపెట్టిన, చేతులతో శక్తిని పంపి నయం చేస్తామనే పద్ధతి ఇది. ఒకావిడ నా తల మీదుగా చేతులు చాపి నిలబడ్డారు. శక్తి ప్రవహించిందో లేదో గానీ (అలాంటి శక్తిని ఇంతవరకు ఎవరూ కొలిచి చూపలేదు), పది నిమిషాల్లో నా గురకకు నాకే మెలకువ వచ్చింది. ఫోన్ లాక్కుని, ఎవరూ ఏమీ అడగకుండా చీకటి గదిలో పడుకోబెడితే ఎవరికైనా అంతేనేమో. అక్కడితో ఆపి ఉంటే మంచి మార్కులే వేసేదాన్ని. బయటికి రాగానే, నా చక్రాలు (ఒంట్లోని శక్తి కేంద్రాలట) రెండు మూసుకుపోయాయనీ, ఇంకో ఆరు సిట్టింగులు, ఒక రాళ్ల బ్రాస్‌లెట్ తప్పవనీ చెప్పారు. లేని టెన్షన్ ఒకటి తగిలించుకుని వచ్చాను.

రెండోది సౌండ్ బాత్. గిన్నెలు మోగిస్తుంటే కళ్లు మూసుకుని పడుకోవడమే. హాయిగానే ఉంది, ఇంటికొచ్చేసరికి దిగిపోయింది.

మూడోది ధ్యాన గురువు ఎస్.ఎన్. గోయెంకా పద్ధతిలో పది రోజుల విపశ్యన, అంటే ఒంట్లో కలిగే అనుభూతులను ఉన్నదున్నట్టు గమనించే ధ్యానం. ఫీజు లేదు, కోర్సు పూర్తయ్యాక ఇష్టమైతే విరాళం ఇవ్వొచ్చు. బస మాత్రం బసే: ఇరుకు గది, గట్టి మంచం, తెల్లవారుజామున 4 గంటలకు గంట మోత. ఫోన్, పుస్తకం, మాట, ఏవీ ఉండవు. రెండో రోజు హాల్లో ఎవరో జాకెట్ జిప్ లాగితే ఉరుము ఉరిమినట్టు ఉలిక్కిపడ్డాను. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరిని చూడటమే పని. దాన్ని సరిచేయకూడదు, ఉన్నదున్నట్టు గమనించాలి.

నాలుగో రోజు నుంచి అసలు కథ. గంటసేపు కదలకుండా కూర్చోవాలి. నలభయ్యో నిమిషానికి కుడి మోకాలు పగిలిపోతుందనుకున్నాను. వేరే దారి లేక నొప్పినే చూస్తూ కూర్చుంటే, అది ఒక ముద్ద కాదని తెలిసింది. కాస్త మంట, కాస్త పోటు, మధ్యలో ఏమీ లేని క్షణాలు. తగ్గిందా అంటే తగ్గలేదు, నా కంగారు తగ్గింది.

సేవల్లో లోటుందా? ఉంది. ఆరో రోజు ఊరికే ఏడుపొచ్చింది. సందేహాలు అడగడానికి కేటాయించిన టైములో నేర్పే గురువు దగ్గరికి వెళ్తే, గమనిస్తూ ఉండమన్న ఒక్క మాటతో సరిపెట్టారు. ఇంకాస్త చెబితే బాగుండేది. తీవ్రమైన మానసిక సమస్యలున్నవాళ్లను ముందే వద్దంటారు, దరఖాస్తులో అది దాచకండి.

మెయిల్ ఇప్పటికీ టింగుమంటుంది. కడుపు బిగుసుకోవడం మొదలవగానే తెలుస్తోంది. నాలుగు ఊపిర్లు చూసి, తర్వాతే తెరుస్తున్నాను. రిసార్టు వాళ్ల మెసేజ్‌లు కూడా ఆగలేదు. నా చక్రాలు ఇంకా మూసే ఉన్నాయట.