ఒఫీలియాని చూడటానికి లండన్‌లో: గ్యాలరీలు, బస, తిండి

డిగ్రీలో హామ్లెట్ చదివినవాళ్లు లండన్ వెళ్తే ముందుగా టేట్ బ్రిటన్‌కి వెళ్లమంటాను, హామ్లెట్ ప్రేమించిన ఒఫీలియా వాగులో మునిగిపోయే బొమ్మ ఆ గ్యాలరీలోనే ఉంటుంది. శాశ్వత సేకరణకి టికెట్ లేదు. పిమ్లికో స్టేషన్‌లో దిగి కాసేపు నడిస్తే వచ్చేస్తుంది. పొద్దున్న పదింటికి తలుపులు తీయగానే లోపల ఉంటే మంచిది, తర్వాత స్కూలు పిల్లల గుంపులు మొదలవుతాయి. ఇలాంటి బొమ్మల్ని అప్పుడప్పుడూ వేరే ఊళ్ల ప్రదర్శనలకి పంపిస్తుంటారు కాబట్టి బయల్దేరే ముందు వెబ్‌సైట్ చూసుకోండి.

జాన్ ఎవరెట్ మిలే గీసిన ఒఫీలియా అనుకున్నంత పెద్దది కాదు, అడ్డంగా మీటరు పైచిలుకు. దగ్గరికి వెళ్లి చూడాలి. మెడలో వయొలెట్ల దండ, చేతి దగ్గర ఎర్ర గసగసాల పువ్వు, ఎడమవైపు కొమ్మ మీద రాబిన్ పిట్ట. నోరు కాస్త తెరిచే ఉంటుంది, పాడుతూ మునిగింది కదా. తమాషా ఏంటంటే, ఆమె మునగడం నాటకంలో రంగస్థలం మీద జరగదు. నాలుగో అంకంలో హామ్లెట్ తల్లి, రాణి, వచ్చి చెబుతుంది, అంతే. ఆ నాలుగు మాటల్ని పట్టుకుని 1851-52లో ఆయన గడ్డిపోచ కూడా వదలకుండా గీశాడు. వాగునీ చెట్లనీ సర్రేలో హాగ్స్‌మిల్ వాగు గట్టున కూర్చుని వేసుకుని, ఆ తర్వాత మోడల్‌గా ఎలిజబెత్ సిడాల్‌ని లండన్‌లో నీళ్ల తొట్టిలో పడుకోబెట్టాడు. నీళ్లు వెచ్చగా ఉండాలని తొట్టి కింద పెట్టిన దీపాలు ఆరిపోయినా ఆ పిల్ల కిక్కురుమనలేదట. ఆమెకి జబ్బు చేస్తే వాళ్ల నాన్న మిలేని 50 పౌండ్లు కట్టమన్నాడు. న్యాయమే!

వాటర్‌హౌస్ అనే చిత్రకారుడు 1888లో ఆంగ్ల కవి టెనిసన్ పద్యం ఆధారంగా గీసిన లేడీ ఆఫ్ షాలట్ కూడా ఇక్కడిదే. పడవ ముందు మూడు కొవ్వొత్తుల్లో రెండు ఆరిపోయి ఉంటాయి, అది చూడకుండా రావద్దు. ఫొటోలు తీసుకునేవాళ్ల రద్దీ దీని దగ్గర ఎక్కువ.

జనం పెద్దగా పట్టించుకోని చోటు గిల్డ్‌హాల్ ఆర్ట్ గ్యాలరీ. బ్యాంక్ స్టేషన్ నుంచి నడకే, మామూలు సేకరణ ఇక్కడా ఉచితమే, బ్యాగ్ మాత్రం తనిఖీ చేస్తారు. కొలియర్ అనే చిత్రకారుడు 1882లో గీసిన, భర్త అగమెమ్నాన్‌ని చంపిన గ్రీకు రాణి క్లైటెమ్‌నెస్ట్రా మనకన్నా ఎత్తుగా గొడ్డలి పట్టుకుని నిలబడి ఉంటుంది. గ్రీకు నాటకంలోనూ హత్య లోపలే జరుగుతుంది, మనకి అగమెమ్నాన్ కేకలు మాత్రమే వినిపిస్తాయి. నాటకం తెర వెనక దాచిందే ఈ చిత్రకారులకి కావాల్సి వచ్చింది! నాకైతే ఒఫీలియా కన్నా ఈవిడే ఎక్కువ గుర్తుండిపోయింది. నేలమాళిగలో రోమన్ల ఆంఫీథియేటర్ (గుండ్రటి ప్రదర్శనశాల) శిథిలాలున్నాయి, అవీ చూడొచ్చు.

హాగ్స్‌మిల్ వాగు కోసం ప్రత్యేకంగా రైలెక్కక్కర్లేదు. నడక ఇష్టమైతే సరే, లేకపోతే బొమ్మలో ఉన్న వాగే బాగుంది.

బస విషయానికొస్తే, విక్టోరియా వైపు పాత ఇళ్లని మార్చి పెట్టిన చిన్న హోటళ్లు గ్యాలరీకి దగ్గరే. కానీ మాకు దొరికినదాంట్లో లిఫ్ట్ లేదు, సూట్‌కేసు తెరిస్తే కాలు పెట్టడానికి చోటు లేదు. పెద్దవాళ్లతో వెళ్తుంటే లిఫ్ట్ సంగతి అడిగాకే బుక్ చేయండి. నన్నడిగితే తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్ మేలు. గది మరీ గొప్పగా లేకపోయినా ఇడ్లీ, దోశ, అన్నం దొరుకుతాయి. పైగా డిస్ట్రిక్ట్ లైన్ మెట్రో రైలు ఎక్కితే మారకుండా విక్టోరియా దాకా వెళ్లిపోవచ్చు. గ్యాలరీ కెఫేలో టీ తాగండి చాలు, భోజనం ధరలు చూస్తే ఆకలి చచ్చిపోతుంది.