నల్ల చొక్కాకి నల్ల కుట్టు: లైటున్న రిప్పర్ ఎంతవరకు పనికొస్తుంది?

కుట్లు విప్పుకోవడానికి లైటూ, చిన్న భూతద్దమూ బిగించిన సీమ్ రిప్పర్ ఒకటి ఆన్‌లైన్లో తెప్పించుకున్నాను. రెండొందల పైచిలుకు పడింది. పేరున్న కంపెనీ సరుకేమీ కాదు. లేత రంగు బట్టలు, అదీ పగటి పూట కుట్టుకునేవాళ్లకి ఇది శుద్ధ దండగ. నల్ల బట్టలతో కుస్తీ పట్టేవాళ్లకైతే సగం పనికొస్తుంది.

నాది గుంటూరు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని ఆల్టరేషన్లు చేస్తాను. కార్తీకం వచ్చిందంటే అయ్యప్ప మాల వేసుకునేవాళ్ల నల్ల చొక్కాలు గుట్టగా వచ్చి పడతాయి. పోయినేడు కుట్టించుకున్న చొక్కా బీరువాలో అలాగే ఉంటుంది, మనిషి మాత్రం అలాగే ఉండడు కదా, పొట్ట ముందుకొస్తుంది. మాల వేసుకోకముందు వస్తే ‘అక్కా’ అంటారు, వేసుకున్నాక వస్తే ‘మాతా’ అంటారు. అడిగేది మాత్రం ఒక్కటే: "కొంచెం లూజు చేసి సాయంత్రానికల్లా ఇచ్చెయ్యాలి." ఇవి కాక కోర్టుకెళ్లే లాయర్ల కోట్లు, నల్ల పట్టు జాకెట్లు. పగలంతా కొత్త కుట్టుపని సరిపోతుంది కాబట్టి విప్పే పనంతా రాత్రి ట్యూబ్‌లైటు కిందే.

ముందు రిప్పర్ సంగతి. బ్లేడు బాగుంది, ఒప్పుకోవాలి. పొడుగు కొన సన్నగా ఉంది, బిగుతుగా పడిన కుట్టు కిందకి కూడా దూరుతుంది. రెండు కొనల మధ్య వంపులో ఉండే పదును దారాన్ని తాకగానే తెంపుతుంది, లాగక్కర్లేదు. పిడి లావుగా ఉండటంతో వేళ్లు నొప్పెట్టవు. పొట్టి కొనకి ఉండే ఎర్ర పూస మాత్రం నాసిరకం, కొన్నాళ్లకే ఊడి ఎక్కడో పడిపోయింది. ఆ పూస సోకు కోసం పెట్టింది కాదు. విప్పేటప్పుడు బట్టవైపు ఉండి, కొన గుచ్చుకోకుండా కాపాడేది అదే. పూస లేని రిప్పర్‌తో పల్చటి జార్జెట్ విప్పాలంటే నాకు ధైర్యం చాలదు.

ఇక లైటు. బల్బు బ్లేడు మొదట్లో ఉంది, వెలుగు బ్లేడు వెంబడే ముందుకు పోతుంది. దాంతో ఏ కుట్టు దగ్గర కొన పెడతామో సరిగ్గా దాని మీదే రెండు కొనల నీడా పడుతుంది. శాటిన్ అయితే బట్టంతా మెరిసి కళ్లు చెదురుతాయి. భూతద్దంలోంచి చూడాలంటే ముక్కు బట్టకి ఆనినంత పని అవుతుంది. కుట్టు చివర రివర్సు కొట్టి బిగించిన చోట, దారం మీద దారం ముద్దకట్టి ఉంటుందే, అక్కడొక్కచోటే అది అక్కరకొచ్చింది. లోపలి బటన్ సెల్స్ త్వరగా నీరసపడతాయి, కొత్తవాటికి వాచీల కొట్టుకెళ్లాలి.

అసలు నల్ల బట్టకి కావాల్సింది ఎక్కువ వెలుగు కాదు, ఏటవాలు వెలుగు. ఎదురుగా లైటు కొడితే బట్టా నల్లగానే ఉంటుంది, దారమూ నల్లగానే ఉంటుంది. అదే వెలుగు పక్కనుంచి, బట్టని రాసుకుంటూ వస్తే కుట్టు వరస పక్కన సన్నటి నీడ పడుతుంది. పాలిస్టర్ దారమైతే ఒక్కో కుట్టూ నూగు గింజలా తళుక్కుమంటుంది. ఈ పని మిషన్‌కి అంటించుకునే అయస్కాంతం లైటు హాయిగా చేసిపెడుతుంది. మెడ ఎటు వంచితే అటు వంగుతుంది, దాన్ని బట్ట మీదకి దాదాపు పడుకోబెట్టి వాడతాను. మాది ఇనుప బాడీ ఉన్న పాత మిషన్ కాబట్టి చటుక్కున అంటుకుంటుంది. ప్లాస్టిక్ బాడీ మిషన్లకి అంటదు, ఇనుప రేకు ముక్కేదైనా గట్టిగా అతికించుకోవాలి.

కాటన్ చొక్కాకి ఇంకో ఉపాయం ఉంది. మార్కింగ్ సుద్దని అడ్డంగా పట్టుకుని కుట్టు మీద తేలిగ్గా రాస్తే, పొడి కుట్ల మీద నిలిచి వరస బయటపడుతుంది, పనయ్యాక దులిపేస్తే పోతుంది. పట్టు మీదా వెల్వెట్ మీదా ఈ ప్రయోగం వద్దు.

చొక్కా పక్క కుట్టు ఒకదాన్నొకటి కప్పుకునే మడత, దాని మీద రెండు వరసలు. దాన్ని సర్రున చీరుకుంటూ పోకూడదు. ఒక వైపు మూడు నాలుగు కుట్లకి ఒకటి చొప్పున తెంపుకుంటూ వెళ్లి, తిరగేసి రెండో వైపు దారం కొస పట్టుకుని లాగితే పొడుగ్గా ఊడొస్తుంది. పై వైపు మిగిలిన ముక్కల్ని సెల్లోటేపు అంటించి లాగేస్తే సరి, గోళ్లతో ఏరుకుంటూ కూర్చోనక్కర్లేదు. మడత విడిపోయాక లోపలి కుట్టుంటే రెండు పొరల్నీ అటూ ఇటూ కాస్త బిగలాగండి, సందులో దారాలు నిచ్చెన మెట్లలా పైకి తేలతాయి. అక్కడ తెంపడానికి ఏ లైటూ అక్కర్లేదు. విప్పిన చోట బట్టలో సూది రంధ్రాలు కనిపిస్తాయి. కాటన్ అయితే తడిపి ఇస్త్రీ చేస్తే చాలావరకు పూడుకుంటాయి. పట్టుకి గీతలా మిగిలిపోతుంది, అందుకే పట్టు జాకెట్టు తెచ్చినవాళ్లకి ఆ మాట ముందే చెప్పి ఒప్పుకుంటేనే రిప్పర్ పట్టుకుంటాను.

మొత్తానికి ఈ రిప్పర్‌కి ఐదుకి రెండున్నర మార్కులు, అవీ బ్లేడు చూసి. కరెంటు పోయినప్పుడు ఒక హుక్కో, హెమ్మింగో విప్పడానికి బాగానే ఉంటుంది. డబ్బు పెట్టాలనుకుంటే అయస్కాంతం లైటు మీద పెట్టండి. రిప్పర్ అంటారా, టైలరింగ్ సామాన్ల కొట్లో మామూలు రకం చవగ్గా దొరుకుతుంది. మొద్దుబారితే సానపట్టే వస్తువు కాదది, పారేసి ఇంకోటి తెచ్చుకోవడమే. మొద్దు బ్లేడుతో బలంగా నెడితే కొన జారి బట్టలోకి దిగుతుంది. నల్ల చొక్కాకి చిల్లి పడితే లోపలి తెల్ల బనియను వీధి చివరికి కనిపిస్తుంది.

నేనైతే ఇప్పుడు కొత్త మాల చొక్కా ఏది కుట్టినా బాబిన్‌లో, అంటే మిషన్ కింది దారం చుట్టే రీలులో, ముదురు బూడిద దారం వేస్తున్నాను. పైకి తెలీదు, లోపలివైపు వరస చక్కగా కనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆ చొక్కా మళ్లీ లూజు చెయ్యమని నా దగ్గరికే వస్తుంది మరి.