ఎముకలు పుట్టిన ఊళ్లోనే: వింటన్, రిచ్‌మండ్ డైనోసార్ యాత్ర

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నుంచి వింటన్ అనే ఊరు దాదాపు 1,350 కిలోమీటర్లు. జులై సెలవుల్లో పిల్లలతో కలిసి రెండు రోజులు కారులో వెళ్ళాం. లాంగ్‌రీచ్ దాటాక రోడ్డుకు అటూ ఇటూ ఎండుగడ్డి, దాని కింద నెర్రెలిచ్చిన నల్ల నేల. అచ్చం మా కర్నూలు వైపు రేగడి చేలే. అక్కడి డైనోసార్ల కథంతా ఆ మట్టిలోనే ఉంది. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే ఆ నేల, అడుగున ఉన్న ఎముక ముక్కల్ని ఏళ్ల తరబడి పైకి నెడుతూ వస్తుంది. 1999లో డేవిడ్ ఎలియట్ అనే గొర్రెల రైతుకు తన భూమిలో అలాగే ఒక ఎముక దొరికింది. ఆయన, భార్య జూడీ కలిసి మొదలుపెట్టిన పనే ఈరోజు ఊరికి 24 కి.మీ. అవతల, 'జంప్ అప్' అనే బల్లపరుపు గుట్ట మీద మ్యూజియమై నిలిచింది. పేరు ఆస్ట్రేలియన్ ఏజ్ ఆఫ్ డైనోసార్స్.

ఒక్క చోటికే టైముంటే ఇక్కడికే వెళ్ళండి. ముఖ్యంగా ల్యాబ్ చూడాలి. తవ్వి తెచ్చిన ఎముకలు ప్లాస్టర్ కట్లలోనే అరల నిండా ఉన్నాయి. వాటి మీది రాయిని వాలంటీర్లు గింజంత గింజంత తొలగిస్తున్నారు. శిక్షణ తీసుకుంటే మనలాంటివాళ్ళు కూడా కూర్చుని ఆ పని చేయవచ్చు. 'బాంజో' అనే మాంసాహారి డైనోసార్, 'మటిల్డా' అనే శాకాహారి డైనోసార్ ఒకే గోతిలో దొరికాయట. రెండింటికీ 2009లో శాస్త్రీయ నామాలు పెట్టారు. 54 మీటర్ల అడుగుజాడల బాటనైతే వరదలకు పాడవకుండా వేరే చోటి నుంచి ముక్కముక్కగా తెచ్చి ఇక్కడ పేర్చారు.

అక్కడ నిలబడి ఉండగా మన డైనోసార్ కోటసారస్ గుర్తొచ్చింది. తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో ఉంది. చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో! అది దొరికిన ఊరికి వెళ్ళాలన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు. వింటన్‌వాళ్ళు ఎముకల్ని ఊరు దాటనివ్వలేదు కాబట్టే మేం ఇంత దూరం వచ్చాం.

డైనోసార్ అడుగుజాడలున్న లార్క్ క్వారీ వింటన్ నుంచి 110 కి.మీ., కొంత మట్టి రోడ్డు. గైడ్‌తోనే లోపలికి పంపుతారు. ఒకే బండ మీద 3,300 దాకా అడుగుజాడలు! పెద్ద మాంసాహారిని చూసి చిన్నవి బెదిరి పరుగు తీశాయని చాలాకాలం చెప్పుకున్నారు. అది నది దాటిన గుంపు కావచ్చని, ఆ పెద్ద పాదం శాకాహారిదే కావచ్చని ఇటీవలి పరిశోధకుల వాదన. మా గైడ్ రెండూ విడమరిచి చెప్పింది. ఆ గంట కోసం అంత దూరం వెళ్ళడం నాకు నష్టమనిపించలేదు.

బస విషయానికొస్తే, వింటన్‌లో మేం దిగిన మోటెల్‌కు అంత డబ్బు దండగ. ఏసీ రాత్రంతా మోత, ఎనిమిదింటికే వంటగది మూత. మర్నాడు క్యారవాన్ పార్కులో క్యాబిన్‌కు మారాక హాయిగా ఉంది, వంట చేసుకున్నాం. కుళాయి నీళ్ళు భూగర్భం నుంచి వేడిగా వస్తాయి, గంధకం వాసన. తాగే నీళ్ళు, పులిహోర, పచ్చళ్ళు వెంట ఉండాలి. పొద్దు వాలాక కంగారూలు రోడ్డెక్కుతాయి, ఆ వేళకు కారు ఆపేయండి.

హ్యూఘెండెన్ అనే ఊళ్ళో మటబరాసారస్ అనే డైనోసార్ నమూనా చూడడానికి గంట చాలు. రిచ్‌మండ్ వేరు. ఒకప్పుడు అదంతా లోతట్టు సముద్రం కాబట్టి, అక్కడి క్రోనోసారస్ కార్నర్ మ్యూజియంలో సముద్ర సరీసృపాలే ఎక్కువ. పిల్లలకు వింటన్ కంటే ఇదే నచ్చింది, ఎందుకంటే ఊరి బయట శిలాజాలు వెతకనిస్తారు. రెండు గంటలు ఎండలో ఈగల్ని తోలుకుంటూ తవ్వితే మా చిన్నదానికి రాతికి అతుక్కున్న ఆల్చిప్ప ముక్క దొరికింది. మ్యూజియంలో ఒకావిడ భూతద్దంతో చూసి, "ఇది నీదే, తీసుకెళ్ళు. ముఖ్యమైన ఎముకైతే మాత్రం మా దగ్గరే ఉంచుకునేవాళ్ళం" అంది. బ్రిస్బేన్ చేరేదాకా అది దాని గుప్పిట్లోనే ఉంది.