సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్ సమీక్ష: స్టార్ట్ కాని రోజున ఏం చూడాలి

ఏడు కిలోల సెమీ ఆటోమేటిక్, రెండు తొట్ల మెషిన్. కంపెనీ పేరు రాయడం లేదు. రాసినా పెద్ద ఉపయోగం లేదు, ఈ తరగతిలో ఏ కంపెనీ మెషిన్ వెనక మూత విప్పినా లోపల దాదాపు అవే ఉంటాయి: రెండు మోటార్లు, రెండు టైమర్లు, ఒక కెపాసిటర్, ఒక బెల్టు. ఉతకడం బాగానే ఉతుకుతుంది. నల్లరేగడి అంటిన ప్యాంట్లు అరగంట సర్ఫు నీళ్లలో నానబెట్టి పదిహేను నిమిషాల వాష్ పెడితే మట్టి వదులుతుంది, మోకాళ్లు, కాలర్లు మాత్రం చేత్తో రుద్దాల్సిందే. నల్లా నీళ్లు కాసేపే వచ్చే ఇంట్లో బకెట్‌తో నింపుకొని నడపొచ్చు, అదే సబ్బు నీళ్లలో రెండో విడత బట్టలూ వేసుకోవచ్చు. ఇన్నేళ్ల వాడకంలో దీనికి నేను ఎక్కువ మార్కులు వేసేది మాత్రం మరమ్మతు విషయంలో. స్టార్ట్ కాకపోతే కారణం ఇంట్లోనే వెతికి పట్టుకోవచ్చు. ఎలక్ట్రానిక్ బోర్డు కాలిందని చెప్పి వేలకు వేలు అడిగే అవకాశమే లేదు, ఎందుకంటే చాలా మోడళ్లలో అసలు బోర్డే లేదు.

ముందు ఒక పొరపాటు నమ్మకం పోవాలి. వాష్ టైమర్ తిప్పగానే టిక్ టిక్ అంటుంది కాబట్టి కరెంటు వస్తోందనుకుంటారు చాలామంది. ఆ టైమర్ లోపల ఉన్నది స్ప్రింగు. ప్లగ్ పీకేసి తిప్పినా అలాగే కొట్టుకుంటూ సున్నాకు వస్తుంది. టిక్ టిక్ వినబడుతోంది, మోటారు తిరగట్లేదు అంటే మోటారు పోయినట్టేం కాదు, సాకెట్‌లో కరెంటే లేకపోయి ఉండొచ్చు.

టెస్టర్ వెలిగితే కరెంటు ఉన్నట్టే అనుకోవడం రెండో పొరపాటు. టెస్టర్ చూపించేది ఫేజ్, అంటే కరెంటు వచ్చే తీగ ఒక్కటే. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ తెగినా, స్విచ్‌బోర్డులో న్యూట్రల్ స్క్రూ వదులైనా టెస్టర్ ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది, మెషిన్ మాత్రం కదలదు. అదే సాకెట్‌లో మిక్సీయో టేబుల్ ఫ్యానో పెట్టి చూడటం అన్నిటికంటే తేలిక పరీక్ష. మల్టీమీటర్ ఉంటే ఏసీ రేంజ్‌లో ఫేజ్, న్యూట్రల్ మధ్య వోల్టేజి చూడండి. ప్లగ్ పిన్నులు నల్లబడి ఉంటే ఆ సాకెట్ లోపలి బిగింపు పోయినట్టు, మార్చేయడమే మంచిది.

వోల్టేజి సంగతి మన ఊళ్లలో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. యాసంగి నాట్లప్పుడు బోరు మోటార్లన్నీ ఒక్కసారి నడిస్తే లైను చివరి ఇళ్లలో వోల్టేజి పడిపోతుంది. ఇలాంటి మోటారు మొదట కదిలేటప్పుడు ఇచ్చే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి తగ్గుతుంది. 230 వోల్టులకు బదులు 180 వస్తే బలం తగ్గేది ఐదో వంతు కాదు, మిగిలేదే 61 శాతం. తడిసిన చెద్దర్లు నిండా కుక్కి ఉంటే మోటారు మూలుగుతుందే గానీ కదలదు. అప్పుడు మెషిన్‌లో లోపమేమీ ఉండదు. బట్టలు సగం తీసి, నీళ్లు ఇంకాస్త పోసి చూడండి. ఖాళీ తొట్టితో హాయిగా తిరిగితే దోషం చాలావరకు కరెంటుది, బరువుది. మెకానిక్‌ను పిలిచి డబ్బులివ్వకండి, బోరు మోటార్లు ఆగే పూట చూసి ఉతుక్కోండి.

ఇక అసలు తనిఖీ. వాష్ పక్కా స్పిన్ పక్కా విడివిడిగా పెట్టి చెవి దగ్గర పెట్టుకుని వినండి. రెండూ పూర్తిగా నిశ్శబ్దంగా ఉంటే లోపం ఉమ్మడి దారిలో ఉంది: ప్లగ్, మెయిన్ వైరు, కొన్ని మోడళ్లలో లోపల ఉండే ఫ్యూజు. ఒక్కటే నిశ్శబ్దంగా ఉంటే ఆ పక్క టైమర్, మూత స్విచ్, ఆ పక్క మోటారు. రెండూ 'మ్‌మ్' అని మూలిగి తిరగకపోతే కెపాసిటరో, తక్కువ వోల్టేజో. ఒక్కటే మూలిగితే ఆ పక్క కెపాసిటర్ భాగం పోయింది, లేదా ఏదో అడ్డం పడింది. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

కెపాసిటర్ గురించి ఆగి చెప్తాను, ఎందుకంటే మూలుగుడు కేసుల్లో ఎక్కువసార్లు దొరికే దొంగ అదే. చాలా మెషిన్లలో ఒకే డబ్బాలో రెండు కెపాసిటర్లుంటాయి, మీద 10+5 మైక్రోఫారడ్ (చార్జి పట్టే సామర్థ్యం), 440 వోల్టులు లాంటి అంకెలుంటాయి. పెద్దది వాష్‌కు, చిన్నది స్పిన్‌కు. మోటారులో రెండు తీగ చుట్ల కరెంటు కాస్త ముందూ వెనకా నడిస్తేనే అయస్కాంత క్షేత్రం తిరుగుతుంది, ఆ తేడా తెచ్చేది కెపాసిటర్. అది నీరసిస్తే క్షేత్రం ఒకే చోట కొట్టుకుంటుంది, మోటారు మూలుగుతుంది. అలా వదిలేస్తే కొన్ని నిమిషాల్లో వేడెక్కి చుట్టే కాలిపోతుంది. కాబట్టి మూలుగు వినగానే టైమర్ సున్నాకు తిప్పేయండి. పరీక్ష ఇది: బట్టలు, నీళ్లు తీసేసి, ఆన్ చేసి, అడుగున బట్టల్ని తిప్పే చక్రాన్ని, అంటే పల్సేటర్‌ను పొడి కర్రతో ఒక పక్కకు చిన్నగా నెట్టండి. నెట్టిన వైపే అందుకుని తిరిగితే కెపాసిటర్ మార్చాల్సిందే. తొట్టిలో చెయ్యి పెట్టొద్దు.

వెనక మూత విప్పాలంటే ప్లగ్ పూర్తిగా పీకి, కెపాసిటర్ వైర్ల మధ్య మామూలు ఫిలమెంట్ బల్బు ఒకటి తగిలించి చార్జి దింపండి. మల్టీమీటర్ కెపాసిటెన్స్ రేంజ్‌లో కొలవండి. పది అని రాసి ఉంటే తొమ్మిది కంటే దిగిపోయినప్పుడు మార్చండి. కొత్తది అవే మైక్రోఫారడ్లు ఉండాలి, వోల్టులు అంతే లేదా ఎక్కువ. 'ఎక్కువ మైక్రోఫారడ్ పెడితే జోరుగా తిరుగుతది' అని దుకాణంలో ఎవరైనా అంటే వినకండి, చుట్టు వేడెక్కుతుంది.

కెపాసిటర్ బాగుండి కూడా వాష్ మూలిగితే పల్సేటర్ కింద చూడండి. మధ్యలో స్క్రూ ఒకటి ఉంటుంది. విప్పి పైకి లాగితే రూపాయి బిళ్ల, పిన్నీసు, చొక్కా గుండీలు బయటపడతాయి. ఆ స్క్రూ తుప్పు పట్టి తల అరిగిపోవడం ఈ మెషిన్ల శాపం. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి గంట ఆగి, సరైన సైజు స్టార్ స్క్రూడ్రైవర్‌తోనే తిప్పండి. మోటారు తిరుగుతూ పల్సేటర్ కదలకపోతే అది బెల్టు వ్యవహారం: సాగింది, జారింది, లేదా తెగింది.

నిశ్శబ్దం కేసుల్లో ముందు తొందర పడొద్దు. పల్సేటర్ దిశ మార్చే ముందు కొన్ని సెకన్లు ఆగుతుంది, జెంటిల్‌లో ఇంకా ఎక్కువ ఆగుతుంది. నిమిషం చూడండి. కొన్ని మోడళ్లలో సెలెక్టర్ డ్రెయిన్ మీద ఉంటే వాష్ మోటారుకు కరెంటే పోదు. ఎండాకాలంలో రెండు మూడు విడతలు వరసగా దుప్పట్లు ఉతికాక హఠాత్తుగా ఆగిపోతే, చుట్టులో దాగి ఉన్న థర్మల్ కటాఫ్ (వేడెక్కితే కరెంటు ఆపేసే స్విచ్) పని చేసిందన్నమాట. ముప్పావు గంట చల్లారనిస్తే దానంతటదే మొదలవుతుంది. కొన్ని మోటార్లలో అది ఒక్కసారికే కాలిపోయే ఫ్యూజు. అప్పుడు చల్లారినా రాదు.

చుట్టు సంగతి తేల్చుకోవడం కూడా సులువే. వాష్ మోటారుకు మూడు వైర్లు. కామన్ (రెండు చుట్లూ కలిసే వైరు) నుంచి మిగతా రెండింటికీ మల్టీమీటర్‌లో ఓమ్స్, అంటే నిరోధం ఒకేలా రావాలి, ఎందుకంటే అది రెండు వైపులా సమానంగా తిరగాలి. ఆ రెండింటి మధ్య కొలిస్తే రెట్టింపు. స్పిన్ మోటారు ఒకే వైపు తిరిగేది, దానిలో రెండు అంకెలూ వేరువేరుగా వస్తే భయపడొద్దు. ఎక్కడైనా అసలు రీడింగే రాకపోతే చుట్టు తెగింది. మోటారు రెండూ సమానంగా చూపించి, ఒక పక్కకే తిరుగుతోందంటే టైమర్ కాంటాక్టుల్లో ఒకటి మసిబారింది. టైమర్ మార్చడమే దారి, గీకి వాడితే ఎన్నాళ్లో నిలవదు.

స్పిన్ పక్క గొడవలు చిన్నవి గానీ చికాకువి. పైమూత సరిగ్గా పడకపోతే లోపలి స్విచ్ కలవదు. మూత ఎత్తితే బ్రేకు పడేలా ఒక తీగ ఉంటుంది. ఆ తీగ బిగువు తేడా వస్తే మూత మూసినా బ్రేకు వదలదు, మోటారు మూలుగుతుంది. డ్రమ్ముకూ తొట్టికీ మధ్య సందులోంచి సాక్సో చేతి రుమాలో జారి షాఫ్టుకు చుట్టుకున్నా ఇదే గతి. డ్రెయిన్ పైపు గోడకు పైన తగిలించి మరిచిపోయినా అంతే, నీళ్లు కింద నిలిచి డ్రమ్ము బరువెక్కుతుంది.

నచ్చనివీ ఉన్నాయి. వాష్ ఏడు కిలోలంటారు గానీ స్పిన్ తొట్టి అన్ని పట్టదు, ఒక వాష్‌కు రెండుసార్లు పిండాలి. అడుగు భాగం తెరిచి ఉండటం క్షమించరానిది. కోతలయ్యాక ఎలుక ఒకటి లోపల చేరితే వైర్లు కొరికేసి, రెండు పక్కలా నిశ్శబ్దం చేసి పోతుంది. కొన్న రోజే కింద ఎలుకల జాలీ బిగించుకోండి, స్టాండు ఉన్నా సరే. మెషిన్‌ను తడి బండల మీద పెట్టేవాళ్లు ఎర్తు పిన్ను ఉన్న సాకెట్ లేకుండా నడపొద్దు.

విడిభాగాలకు వరంగల్, హన్మకొండ చౌరస్తాల చుట్టుపక్కల ఎలక్ట్రికల్ దుకాణాలు ఉన్నాయి. కెపాసిటర్, బెల్టు, టైమర్ వందల్లో పోయేవే. పాతది విప్పే ముందు వైర్ల రంగులు ఫోన్‌లో ఫొటో తీయండి, పాత ముక్కను చేత పట్టుకునే వెళ్లండి. టైమర్‌కు వైర్లు ఎన్నో, నాబ్ తగిలే కడ్డీ ఏ ఆకారమో చూసుకోవాలి, బెల్టుకైతే మీద ఎం అక్షరం పక్కనున్న నంబరు. ఆ నంబరు చెరిగిపోతే కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి పొడవు సరిచూసుకోండి. పాతది సాగి ఉంటుంది కాబట్టి కొత్తది కాస్త పొట్టిగా కనిపించడం మామూలే, మోటారు బిగింపు బోల్టులు వదులు చేసి సరిచేసుకోవచ్చు.